నిద్రలో జారిన నిమిషాలు

నిద్ర 11,302. జూన్ 14.

మిషన్ లేవడానికి ఇవాళ తొమ్మిది నిమిషాలు పట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దీని తెర మీద తెరిచిన ఒక్క కిటికీ కూడా ఎవరూ మూయలేదు. అన్నీ గుర్తు చేసుకుని లేవాలంటే ఆమాత్రం పడుతుంది. నేనూ పొద్దున్నే అంతకంటే తొందరగా లేవను. మేకవెంట్రుకల బ్రష్షుతో కీబోర్డు దులిపాను. సీపీయూ పెట్టె వెనక గాలి కన్నాల్లో ఉప్పు పేరుకుంటే చీపురుపుల్లతో గీకాను. తెర మీద 'షట్ డౌన్' అన్న మాట వచ్చే చోట అంటించిన నల్ల టేపు ఒక మూల లేస్తోంది. మైదా రాసి నొక్కాను.

ఆ టేపు నాకంటే ముందున్న మిషన్ కాపరి అంటించింది. మిషన్‌ను హైబర్నేట్ చేయవచ్చు. మేము దాన్ని నిద్ర అంటాం. తలలో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని కరెంటు వదిలేస్తుంది, లేపినప్పుడు మళ్ళీ చదువుకుని ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. షట్ డౌన్ మాత్రం ఎవరూ నొక్కకూడదు. మొదటి నుంచి లేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ తెలిసిన మోజెస్ గారు రెండేళ్ళ కింద పోయారు. పోటుపాట్ల లెక్క మొత్తం ఇందులో రాసింది ఆయనే. పాస్‌వర్డ్ చెప్పమని అడిగితే "నేనుండగా మీకెందుకు" అనేవారు. ఇప్పుడు ఆయన లేరు, మాకు కావాలి.

మా కరకట్ట వెనక మూడు వందల ఇళ్ళున్నాయి. పోటు మీద సముద్రం మా చూరుల ఎత్తున నిలబడుతుంది. పాటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తూము తలుపెత్తి ఊరి నీళ్ళు బయటికి వదులుతాం. తూములో పేరుకునే ఒండ్రును మాత్రం మనిషి దిగి తీయాలి. పోటు తిరిగి వచ్చే ముందు మిషన్ సైరన్ మోగిస్తుంది. సైరన్ మోగిన ఇరవై అయిదు నిమిషాలకు తూము కప్పు దాకా నిండుతుంది. ఊళ్ళో ప్రతి గడియారమూ పొద్దుటి సైరన్‌కు సరిచేసుకున్నదే. నా గోడ గడియారానికి కూడా రోజూ కీ ఇచ్చి, మిషన్‌ను చూసి ముల్లు తిప్పుతాను. ఈ ఊళ్ళో టైమంటే మిషన్ టైమే.

మూడో తూము వంతు లంకమ్మ వదినది. అంతకుముందు మా అన్న ఏడుకొండలుది. నాలుగేళ్ళ కింద, తుఫాను వచ్చిన కార్తీకంలో, అన్న ఆ తూములోనే పోయాడు. సైరన్ మోగినా పని ఆపక లోపలే ఉండిపోయాడని కమిటీ తేల్చింది. సైరన్ టైముకే మోగిందని సాక్ష్యం రాసింది నేను. రాయక ఏం చేయను, మోగింది కదా. అప్పటి నుంచి వదిన మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

ఇవాళ సైరన్ ఎనిమిదీ పదిహేనుకు. వదిన దానికి ఏడు నిమిషాల ముందే బయటికి వచ్చేసింది. రెండేళ్ళుగా ఇదే వరస. పోయినేడు మూడో నాలుగో ఉండేది, ఇప్పుడు ఏడు. రోజువారీ పుస్తకంలో తప్పుల గడిలో రాశాను.


నిద్ర 11,306. జూన్ 18.

నాలుగు రోజులుగా ఎండ లేదు. సోలార్ పలకల మీద వాన తప్ప ఏమీ పడటం లేదు. ఊళ్ళో నిలిచిన నీళ్ళు తోడటానికి మోటారు ఆగకుండా నడవాలి. కమిటీ పెద్ద శోభనాద్రి గారు స్వయంగా మిషన్ గదికి వచ్చారు, గొడుగు నా చాప మీదే దులిపారు.

"ఏమ్మా నాంచారీ, పాటుకీ పాటుకీ మధ్య దీన్ని ఎలా ఉంచుతున్నావు?"

"కునుకులో ఉంచుతానండీ. స్లీప్ అంటారు. రాత్రికి మాత్రం నిద్ర."

"కునుక్కి కరెంటు తాగుద్దా?"

ఎలక్ట్రీషియన్ మస్తాన్ పక్కనే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు. "కొంచెం కొంచెంగా తాగుతానే ఉంటదండీ. నిద్రలో అయితే గోడ స్విచ్ కూడా ఆపేయొచ్చు. చుక్క కూడా తాగదు," అన్నాడు.

"అయితే ఇకనుంచి కునుకు వద్దు. సైరన్ కొట్టే పని లేకపోతే నిద్రే," అన్నారు శోభనాద్రి గారు.

నాకు నచ్చలేదు. కునుకులో ఉంటే మౌస్ కదిపితే చాలు, రెండు సెకన్లలో లేస్తుంది. నిద్రలోంచి అయితే తొమ్మిది నిమిషాలు. పైగా లేస్తున్నప్పుడు మధ్యలో కరెంటు పోతే చదువుకుంటున్నదంతా చెదిరిపోతుంది, ఇక పాస్‌వర్డ్ అడగడమే. రోజుకు ఒక్కసారి పడే భయం ఇప్పుడు మూడుసార్లు పడాలి. ఆ మాటే అన్నాను. జాగ్రత్తగా లేపుకోమన్నారు. పోతూ పోతూ గొడుగు మళ్ళీ దులిపారు.

స్విచ్ ఎలాగూ ఆపాం కదా అని మస్తాన్ పెట్టె మూత తీసి దుమ్ము ఊదాడు. "అక్కా, ఇది చూడు. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంది. పచ్చగా చిలుం పట్టింది. దేనికో మరి."

"ముట్టుకోకు," అన్నాను. "మోజెస్ గారు పెట్టింది పెట్టినట్టు ఉండాలి."

ఆయన పద్ధతులన్నీ అలాగే ఉంచాం. ఏటా జనవరి ఒకటిన ఆయన మేడ ఎక్కి దిగివచ్చి, ఈ గదిలో పది నిమిషాలు తలుపేసుకునేవారు. కొత్త సంవత్సరం ప్రార్థన. ఆయన పోయాక కూడా ఆ రోజు ఆ వేళకు గది ఖాళీ చేసి పది నిమిషాలు తలుపు మూస్తాం. ఊరంతా బయట తలవంచుకుని నిలబడుతుంది.

వదిన ఇవాళ తొమ్మిది నిమిషాల ముందు.


నిద్ర 11,315. జూన్ 21.

సముద్రం తొందరపడుతోందని ఊళ్ళో అనుకుంటున్నారు. వలలు కట్టేవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు, ఎవరిని కదిపినా అదే మాట. సైరన్ మోగేసరికే నీళ్ళు చీలమండ దాటుతున్నాయట. వానలకి సముద్రం ఉబ్బిందని కొందరు, ఆషాఢం మహిమని కొందరు. మిషన్ దగ్గర లెక్క లెక్కలాగే ఉంది. రెండుసార్లు చూశాను. మిషన్ తప్పదు.

వదిన పన్నెండు నిమిషాల ముందు. ఓపిక పట్టలేక కట్ట మీదికి వెళ్ళాను. కాళ్ళకున్న బురద కడుక్కుంటోంది.

"వదినా, సైరన్ మోగకుండా ఎందుకు వస్తున్నావు? పని సగంలో వదిలేస్తే తలుపు కింద ఒండ్రు నిలవదా? తలుపు పడకపోతే ఊళ్ళోకి ఉప్పునీళ్ళు రావా?"

"నీళ్ళొచ్చినాయి. వచ్చేశా."

"నీళ్ళు కాదు చెప్పాల్సింది. సైరన్."

తలెత్తి నా వంక చూసింది. నాలుగేళ్ళలో అంత సూటిగా చూడటం అదే మొదలు. "మీ అన్న సైరన్ వినే వచ్చేవాడు, నాంచారీ. ఏ రోజూ ఒక్క క్షణం ముందు రాలేదు, వెనక రాలేదు. నువ్వేమో రానట్టు రాశావు."

"మోగింది కాబట్టి రాశాను."

"మోగింది. ఎప్పుడు మోగింది?"

"టైముకి," అన్నాను.

వదిన పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తూము మెట్ల పక్కన, నీళ్ళలో, ఎవరో పాతిన సరుగుడు కర్ర ఒకటుంది. దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. పడవలవాళ్ళ గుర్తు అనుకున్నాను. గుడ్డ అప్పటికే నీళ్ళలో ఉంది.

కోపంగానే వచ్చి రాశాను. పన్నెండు. పని ఎగవేత.


నిద్ర 11,327. జూన్ 25.

సాయంత్రం కమిటీ కూర్చుంది. నా తప్పుల గడి తెప్పించి శోభనాద్రి గారు పైకి చదివారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు, పద్నాలుగు. ఇవాళ పదిహేను. రాసేటప్పుడు లేని సిగ్గు వినేటప్పుడు వేసింది. వదిన మూల నిలబడి తన పేరు ఏడుసార్లు వింది.

"రోజురోజుకీ పెరుగుతోంది," అన్నారాయన. "ఇవాళ పదిహేను, రేపు అరగంట. లంకమ్మా, ఏమంటావు?"

"ఏమీ అననండీ. సముద్రాన్ని అడగండి."

కొందరు నవ్వారు. శోభనాద్రి గారు నవ్వలేదు. మూడో తూము నోటికి కటకటాల తలుపు పెట్టిస్తామన్నారు. మనిషి లోపలికి దిగగానే మూసేస్తారు. సైరన్ మోగితేనే అది వదులుతుంది. "శిక్ష కాదమ్మా, పద్ధతి," అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన ఇల్లు అన్నిటికంటే పల్లంలో ఉంది, భయపడుతున్నాడు.

తాళం ఎలా పనిచేస్తుందో మస్తాన్ చెప్పాడు. అది అయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపు పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది. సైరన్ మోగించేటప్పుడు మిషనే దాని కరెంటు ఆపుతుంది. తాళం తీగ, మిషన్ తీగ రెండూ నా గదిలోని ఇనప పెట్టెలోంచే పోతాయి. పెట్టెకు కమిటీ సీలు వేసింది. బయట ఉండేది మెయిన్ స్విచ్ పిడి ఒక్కటే.

బయటికి వచ్చేటప్పుడు వదినతో ఏదైనా అనాలనిపించింది. "రేపట్నుంచి వద్దని చెప్పు వదినా. వంతు ఇంకొకళ్ళకి ఇస్తారు," అన్నాను.

"మానేస్తే మీ అన్న పేరు పక్కన నా పేరు కూడా రాస్తావు," అంది.


నిద్ర 11,342. జూన్ 30.

సోలార్ బ్యాటరీలు పావు వంతుకు దిగాయి. సైరన్‌కు ముందు లేపడం, మోగగానే పడుకోబెట్టడం. రోజులో ఇరవై రెండు గంటలు నిద్రే. మధ్యలో నాకు దిక్కు గోడ గడియారమే.

ఇవాళ తాళం మొదటిసారి. సైరన్ తొమ్మిదీ పదికి. మిషన్ లేచింది, మోగించింది, కటకటాలు వదిలాయి. అంతా పద్ధతిగానే జరిగింది. తప్పుల గడి ఖాళీ. సంతోషించాల్సింది.

మస్తాన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు. "అక్కా, నీళ్ళు నడుం పైదాకా వచ్చేశాయి. ఆమె కమ్మీలు పట్టుకుని నిలబడే ఉంది. అరవను కూడా అరవలేదు. నేను తలుపు లాగి చూశా, రాలేదు. నేను బిగించిందే కదా, రాదు."

సైరన్ మోగిన క్షణానికి నీళ్ళు చీలమండ దగ్గర ఉండాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళ లెక్క అది.

శోభనాద్రి గారింటికి పరుగెత్తాను. "సైరన్ పావుగంట ముందుకు జరపాలండీ," అన్నాను.

"లెక్కలో వేలు పెడితే పాస్‌వర్డ్ అడుగుద్ది కదమ్మా."

"అయితే తాళం తీయించండి."

"తీస్తే మళ్ళీ ముందే వస్తుంది. నువ్వే కదా రాశావు." తర్వాత గొంతు తగ్గించారు. "సముద్రం పెరుగుతుంటే మోటారు ఇంకా నడవాలి. మిషన్‌ని ఇంకా పడుకోబెట్టాలి. మిషన్ చెప్పేది కాదంటే, మరి ఏ టైము పట్టుకుని బతుకుతామే తల్లీ?"

ఆ మాట ఆయనకు నేర్పింది నేనే, ఇన్నేళ్ళూ.

తిరిగి వస్తూ వదిన ఇంటి ముందు ఆగాను. తడి చీర తీగ మీద ఆరేస్తోంది. ఆ ఎర్ర గుడ్డ ఎవరిదని అడిగాను.

"నాదే. మీ అన్న పోయిన రెండో నెల, జనవరిలో, నేను తూములోకి దిగిన మొదటి వారం కట్టా. సైరన్ మోగినప్పుడు నీళ్ళు ఎక్కడున్నాయో చూసి అక్కడ కట్టా. గుడ్డ తడిస్తే బయటికి వస్తా. మొదట్లో రెండూ ఒకేసారి అయ్యేవి. తర్వాత సైరన్ వెనకబడింది."

"సముద్రం ముందుకొచ్చింది," అన్నాను.

"ఏదో ఒకటి," అంది వదిన.


నిద్ర 11,351. జూలై 3. నిద్ర కాదు.

ఇది ఏ టైముకు రాస్తున్నానో నాకు తెలియదు. పొద్దు వాలింది, అంతే చెప్పగలను.

ఇవాళ సైరన్ పదకొండూ నలభైకి. వదిన దిగింది, కటకటాలు మూశారు. గోడ గడియారంలో పదకొండున్నరకు మిషన్ బొత్తాం నొక్కాను. తెర నల్లగానే ఉంది, అడుగున గీత ఒక్కో తునకగా నిండటం మొదలుపెట్టింది. అప్పుడే కిటికీలోంచి ఎండ పడింది. మూడు వారాల తర్వాత ఎండ. తొమ్మిది నిమిషాలూ ఆ గీతను చూస్తూ కూర్చుంటే ప్రాణం ఉగ్గబట్టినట్టు ఉంటుంది. మిషన్ తుడిచే గుడ్డలు బూజు పడుతున్నాయని బకెట్టు తీసుకుని మేడ మీదికి వెళ్ళాను.

మేడ మీద మోజెస్ గారి ఇనప కడ్డీ ఒకటుంది. నిలువుగా పాతింది, కింద గచ్చు మీద తెల్ల గీత. పదేళ్ళుగా దానికి నా గుడ్డలు ఆరేస్తున్నాను. ఇవాళ గుడ్డ తగిలించబోతూ కిందికి చూశాను. నీడ జానెడే ఉంది, సరిగ్గా ఆ గీత మీద పడుకుని ఉంది. గీత చివర చిన్న అక్షరాలు. పన్నెండు.

మెట్ల దగ్గర నుంచి చూస్తే గదిలో గోడ గడియారం కనిపిస్తుంది. పదకొండూ ముప్ఫై నాలుగు.

మొదట కడ్డీ వంగిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత పిట్టగోడ మీద చూపు పడింది. మేకుతో గీసిన అంకెలు, ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని పక్కన జనవరి ఒకటి. ఎన్నోసార్లు చూశాను, పాలవాళ్ళ గుర్తులనుకున్నాను. మూడు. రెండు. మూడు. నాలుగు. మూడు. అన్న పోయిన ఏడాది తర్వాతి జనవరికి ముప్ఫై ఒకటి. ఆ మరుసటి ఏడాది నాలుగు. ఆ తర్వాత ఏమీ లేదు, ఆయన పోయారు.

ప్రార్థన కాదు. ఏటా ఆయన ఇక్కడ నీడ చూసుకుని, కిందికి వచ్చి తలుపేసుకుని, పాస్‌వర్డ్ కొట్టి మిషన్ గడియారం సరిచేసేవారు. నిద్రలో కరెంటు లేనప్పుడు టైము లెక్కపెట్టేది ఆ చిలుం పట్టిన బిళ్ళ బ్యాటరీ. ఎంత ఎక్కువ నిద్రపోతే అంత వెనకబడుతుంది. తుఫాను ఏడాది పలకలు ఎగిరిపోయి రెండు నెలలు సైరన్‌కు తప్ప నిద్రలోనే ఉంచాం. ముప్ఫై ఒకటి. సముద్రం ఎప్పుడూ తొందరపడలేదు. మేమే ఆలస్యం. వదిన ఏడు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నిమిషాలు ముందు రాలేదు. సరైన టైముకే వచ్చింది. ఈ ఊళ్ళో సరైన టైము రాసి ఉన్నది నా తప్పుల గడిలో ఒక్కచోటే.

ఇదంతా ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను. అప్పుడు తెలిసింది ఒక్కటే. ఇరవై ఆరు నిమిషాలు. సైరన్ ఇరవై నిమిషాల కిందే మోగాల్సింది. ఇంకో అయిదు నిమిషాలకు తూము కప్పు తాకుతుంది. మిషన్ సైరన్ మోగించేది ఆరు నిమిషాలకు.

బకెట్టు వదిలేసి దిగాను. తెర మీద గీత సగం కూడా నిండలేదు. తూము దగ్గరికి పరుగెత్తితే అయిదు నిమిషాలు, వెళ్ళినా ఆ తలుపు చేత్తో రాదు. ఇనప పెట్టెకు సీలు. సీలు పగలగొట్టి ఏ తీగ ఏదో వెతికే తీరిక లేదు. బయట మెయిన్ పిడి. అది దించితే తాళం వదులుతుంది. సగం లేచిన మిషన్ కూడా పోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, పదకొండు వేల మూడు వందల యాభై ఒక్క నిద్రలు, మూడు వందల ఇళ్ళకు పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చెప్పే ఒకే ఒక్క లెక్క.

ఆలోచించానని రాస్తే అబద్ధం. అన్న గుర్తొచ్చాడు. ఇలా కమ్మీలు లేకపోయినా నీళ్ళు మూసేసిన ఆ చీకట్లో, ఇంకా సైరన్ మోగలేదు కదా అని పార వేస్తూ ఉండి ఉంటాడు. నా మాట నమ్మి. పిడి పట్టుకుని వేలాడాను. అది బిగుసుకుని ఉంది, ఎవరూ ఎన్నడూ దించలేదు. రెండోసారికి వచ్చింది. ఫ్యాను ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

కట్ట దగ్గరికి వెళ్ళేసరికి మస్తాన్ మెట్ల మీద బోర్లా పడుకుని చెయ్యి చాచి ఉన్నాడు. కటకటాలు తెరుచుకుని నీళ్ళలో ఊగుతున్నాయి. తూము కప్పు కనిపించడం లేదు. వదిన తల ముందు లేచింది, తర్వాత చెయ్యి. పైకి లాగాం. చాలాసేపు దగ్గింది. పెదాలు నల్లబడ్డాయి, కమ్మీలు పట్టుకున్న వేళ్ళు విప్పుకోవడం లేదు.

"సైరన్ మోగలేదేం?" అంది మొదటి మాటగా.

"కరెంటు నేనే తీశాను వదినా. మిషన్ పోయింది."

నేను ఏడ్చాను. నలుగురిలో ఏడవడం నాకు అలవాటు లేదు, అయినా ఏడ్చాను.

తర్వాత మెయిన్ ఎత్తితే మిషన్ లేచింది. నలభై సెకన్లలోనే. నీలం తెర, మధ్యలో మోజెస్ గారి పేరు, దాని కింద ఒక ఖాళీ గడి. గడిలో ఒక నిలువు గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ చూడని తెర. శోభనాద్రి గారు, కమిటీ అంతా నా వెనక నిలబడి దాన్ని చూశారు. ఒకరు మోజెస్ గారి కూతురి పేరు కొట్టమన్నారు. ఒకరు బైబిల్లో మాటలు చెప్పారు. అన్నీ కొట్టాను. గడి మళ్ళీ ఖాళీ.

"టైమెంతయింది?" అన్నారు శోభనాద్రి గారు. అలవాటుగా అడిగారు. అందరూ గోడ గడియారం వంక చూసి తల తిప్పుకున్నారు. పొద్దుటి నుంచి తినలేదేమో, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు.

మేడ మీదికి తీసుకెళ్ళి పిట్టగోడ మీది అంకెలు చూపించాను. ముప్ఫై ఒకటి దగ్గర అందరూ ఆగారు. అన్న పోయిన ఏడు వారాలకు, ఆ జనవరి ఒకటిన, మోజెస్ గారు ఆ అంకె గీసి కిందికి దిగివచ్చారు. బయట తలవంచుకుని నిలబడ్డ మా మధ్యలోంచి నడిచారు. వదిన కూడా ఉంది ఆ రోజు, తెల్ల చీరలో. ఆమెకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు. ఒక్క మాట చెప్పలేదు.

నాలుగేళ్ళ కిందటి పుస్తకం తీశాను. అన్న పేరు ఎదురుగా నా అక్షరాలే ఉన్నాయి, గుండ్రంగా, ఒద్దికగా. 'సైరన్ టైముకు మోగింది. మనిషి ఆలస్యం.' కొట్టేశాను. కింద రాశాను: 'మనిషి టైముకే ఉన్నాడు. సైరన్ ఆలస్యం. తప్పు రాసింది నాంచారి.' వదిన చేతికిచ్చాను. ఆమెకు చదువు తక్కువ, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. చదివాక పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

రేపు మళ్ళీ పాటు వస్తుంది. ఎప్పుడొస్తుందో ఈ ఊళ్ళో ఇప్పుడు లెక్కగా ఎవరికీ తెలియదు. వానలు తగ్గలేదు. ఎండ మళ్ళీ పోయింది, నీడ కూడా లేదు. ఒండ్రు మాత్రం తలుపు కింద సగం దాకా ఉంది. తీయకపోతే రేపటి పోటుకు తలుపు పడదు, సముద్రం ఇళ్ళలోకి వస్తుంది. వదిన పార పట్టుకునే స్థితిలో లేదు. ఏడుకొండలు వంతు కాబట్టి, ఆ ఇంట్లో మిగిలింది నేనే కాబట్టి, రేపు మూడో తూములోకి దిగేది నేను.

"కర్ర దగ్గర కూర్చుంటావా వదినా?" అని అడిగాను.

నీళ్ళ వైపు చూసింది. పోటు మీద సముద్రం కట్ట అంచుకు మూరెడు కింద ఉంది. కర్ర ఎక్కడుందో కూడా కనిపించడం లేదు.

"కూర్చుంటా," అంది. "గుడ్డ తడవగానే పిలుస్తా. మీ అన్నలాగా, పిలిచేదాకా ఆగు."